దాడుల కాలమున ఇల్లు: దక్షిణ తెలంగాణ పోరాట సాహిత్యమున గృహజీవన చిత్రణము

యుద్ధవర్ణనము మన సాహిత్యమునకు కొత్త కాదు. కవిత్రయ భారతమున యుద్ధపంచకము కలదు. పల్నాటి వీరచరిత్రము శతాబ్దములుగా జనుల నోట నిలిచియున్నది. కాని యీ కావ్యములందు ఇల్లు కనిపించు తావులు రెండే. ఒకటి వీరుడు బయలుదేరు గడప; రెండవది వాని మరణవార్త వచ్చి చేరు గడప. బాలచంద్రుడు తల్లి ఐతాంబ కడను, భార్య మాంచాల కడను సెలవు గైకొను ఘట్టము మిక్కిలి హృద్యమైనది. అతడు వెడలిన పిమ్మట ఆ యింట నాటి రాత్రి పొయ్యి వెలిగెనో లేదో కవి చెప్పడు. చెప్పవలసిన అక్కరయు ఆ కాలమున లేదు. యుద్ధము కారెంపూడిలో జరిగినది. ఇల్లు ఇంటి చోటనే యున్నది.

ఇరువదవ శతాబ్దమున ఈ దూరము నశించినది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడలపై బాంబులు వేసిన నాడు తెలుగు గృహస్థు ఆకాశమును చూచి భయపడవలసి వచ్చెను. 1944లో లండనుపై పడిన జర్మను క్షిపణులకును, 2022 ఫిబ్రవరి తరువాత ఉక్రెయిను పట్టణములపై పడిన క్షిపణులకును సైనికుడెవరో, ఊయెలలోని పసిబిడ్డ యెవరో తెలియదు. ఉక్రెయినున వైద్యవిద్య నభ్యసించుచుండిన తెలుగు విద్యార్థులు నాడు నేలమాళిగలలో తలదాచుకొని, తరువాత పోలెండు, రుమేనియా, హంగరీ సరిహద్దులు దాటి యిల్లు చేరిరి. ఆ దినములలో మనమందరము అడిగిన ప్రశ్నలు యుద్ధవ్యూహమును గూర్చినవి కావు. వారేమి తినుచున్నారు? నీరున్నదా? రాత్రి నిద్ర పట్టుచున్నదా? ఇవియే మన ప్రశ్నలు.

దూరదేశపు యుద్ధమును ఇట్లు ప్రశ్నింప నేర్చిన మనము, మన నల్లగొండ, మహబూబునగరు జిల్లాలలో జరిగిన యుద్ధమును, దానినుండి పుట్టిన సాహిత్యమును ఈ ప్రశ్నలు అడిగినామా యని మేము ఆలోచించితిమి. అడుగలేదనియే మాకు తోచినది. ఈ వ్యాసము ఆ లోపమును గూర్చినది.

ఇచ్చట ఒక మాట. క్షిపణి యను పదమును నేడు మనము ఆకాశమున పోవు అస్త్రమునకు వాడుచున్నాము. క్షిప్ ధాతువునకు విసరుట యని అర్థము. అమరమున క్షేపణీ శబ్దమునకు ఓడ తెడ్డని అర్థము చెప్పబడినది. విసరునదెల్ల క్షిపణి యగునేని దక్షిణ తెలంగాణపు క్షిపణి వడిసెల రాయి. దానిని గూర్చి ముందు చెప్పెదము.

మొదట కాలము, స్థలము నిర్దేశించుకొనవలెను. మేము పరిశీలించు కాలము రెండవ ప్రపంచయుద్ధ కాలపు లెవీ గల్లా మొదలు 1951 అక్టోబరులో పోరాట విరమణము వరకు. నాటి నల్లగొండ జిల్లాలో జనగామ తాలూకా కూడ చేరియుండెను. కావున 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడివెండియు, చిట్యాల ఐలమ్మ తన పంటకై నిలిచిన పాలకుర్తియు ఆ జిల్లా గ్రామములే. జిల్లా నడుమ నున్న మునగాల పరగణా కృష్ణా జిల్లాకు చెందియుండి, 1959 వరకు ఆంధ్రప్రాంతపు ద్వీపమువలె నిలిచెను. రజాకారుల దాడులు ముమ్మరమైనపుడు నల్లగొండ కుటుంబములు అనేకము ఇట్టి సరిహద్దులు దాటి కృష్ణా జిల్లాలో తలదాచుకొనెను. 1948 ఆగస్టు 27న జనగామ ప్రాంతపు బైరాన్‌పల్లిపై రజాకారులు, నిజాము సైనికులు కలిసి దాడిచేసిరి. అంతకు ముందు జరిగిన దాడులను గ్రామస్థులు ఊరి బురుజుపైనుండి ఎదుర్కొని త్రిప్పికొట్టి యుండిరి. ఈసారి ఫిరంగి వచ్చినది. ఎనుబదికి పైగా గ్రామస్థులు ఒక్కదినమున మరణించిరి. సెప్టెంబరు 13న భారతసేన ప్రవేశించినపుడు తూర్పు దళము మునగాల, సూర్యాపేటల మార్గమున సాగినది. ఆ మార్గమున విమానదాడులును జరిగెను. పాలమూరు వైపున 1947 అక్టోబరులో ఆత్మకూరు సమీపపు అప్పంపల్లిలో పోలీసులు జరిపిన కాల్పులు, తరువాతి కాలమున నల్లమల అడవులలో దళముల సంచారము, వానిని వెదకు సైనిక శిబిరములు ఈ చరిత్రలోని భాగములే.

ఏడెనిమిది సంవత్సరములు సాగిన ఇట్టి స్థితిని సంఘటనల పట్టికగా చదివిన కొన్ని తేదీలు మిగులును. ఒక కుటుంబపు జీవితముగా చదివిన రెండువేలకు పైగా రాత్రులు మిగులును. ఆ రాత్రులలో దాడి జరిగినవి కొన్ని. దాడి జరుగునేమో యని యెదురుచూచినవి మిక్కిలి. ఎదురుచూచిన రాత్రి సంఘటన కాదు గనుక చరిత్రకారునకు పనికిరాదు. సాహిత్యమునకు అది పనికిరావలెను.

ఈ పరిశీలనకు మాకు ఆధారమైన పద్ధతి పరదేశపు సిద్ధాంత గ్రంథములలోనిది కాదు, పాలమూరు వారిదే. గద్వాల సీమలోని ఇటిక్యాలపాడు వాస్తవ్యుడైన సురవరం ప్రతాపరెడ్డి 1949లో “ఆంధ్రుల సాంఘిక చరిత్ర”ను వెలువరించెను. కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తెలుగున తొలి పురస్కారమును ఆ గ్రంథమునకే ఇచ్చినది. రాజుల జయాపజయములు చరిత్ర కాజాలవనియు, జనులు తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆట, నమ్మిన నమ్మకము చరిత్రయనియు ఆయన మతము. క్రీడాభిరామము, సింహాసన ద్వాత్రింశిక మొదలగు కావ్యములను ఆయన రసమునకై చదువుటయే గాక సాక్ష్యమునకై చదివెను. ఈ గ్రంథము అచ్చైన సంవత్సరమున నల్లగొండ పల్లెలలో సైనిక శిబిరములు ఉన్నవి. కాకతీయుల నాటి వంటకములను గ్రంథస్థము చేయు పద్ధతి సిద్ధమై యుండగా, అదే సమయమున ఒకపూట గటకకు జొన్నలు దాచుకొనుచున్న ఇండ్లను ఆ పద్ధతితో చూచినవారు లేకపోయిరి. ఇది ప్రతాపరెడ్డి లోపమని మేమనము. ఆయన 1953లో పరమపదించెను. తరువాత వచ్చిన పరిశోధకులు ఆ పద్ధతిని మధ్యయుగములకు మాత్రమే పరిమితము చేసికొనిరి, లోపమచ్చట ఉన్నది.

ఇక సాహిత్యమును చూతము. పోరాటకాలమున పుట్టిన రచనలలో పాట అగ్రస్థానము వహించును. నిజాము ప్రభుత్వమును నిలదీయు బండి యాదగిరి పాట శత్రువును ఎదుట నిలిపి మాటలాడును; అందు ఇంటికి చోటు లేదు, ఉండనక్కరయు లేదు. సుద్దాల హనుమంతు పద్ధతి వేరు. పసులు గాయు పిల్లవానిపై ఆయన కట్టిన పాటలో తల్లిపాల ప్రాయము దాటీదాటక జీతమునకు కుదిరిన బిడ్డ కనిపించును. ఇల్లు అచ్చట లేమి రూపమున ఉన్నది. బిడ్డ ఇంట ఉండవలసిన వేళ చేలగట్టున ఉన్నాడనుటయే పాటలోని దుఃఖము. పోరాట గేయములలో గృహజీవనమును ఇంత సూక్ష్మముగా స్పృశించినది మాకు వేరొకటి కనబడలేదు. ఉయ్యాల పాటలను గూర్చి మరియొక విశేషము చెప్పవలెను. బతుకమ్మ చుట్టు స్త్రీలు తిరుగుచు పాడు ఆ వరుసలో పోరాట కథలను కూర్చి పాడిరి. విషయము సంఘమునకు చెందినది. వరుస వాకిటికి చెందినది. గ్రామస్త్రీ ఆ పాటను కొత్తగా నేర్చుకొనవలసిన పని లేదు. మాటలు మారిన చాలును. ప్రచార సాహిత్యమని మనము ప్రక్కకు పెట్టిన దానిలో ఇట్టి కలయికలు పరిశీలనార్హములు.

నాటకమున “మా భూమి” ప్రసిద్ధము. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రచించిన ఈ నాటకము కోస్తా జిల్లాలలో వందల ప్రదర్శనలు పొందినది. తెలంగాణపు బాధను తెలుగువారందరికి చేర్చిన ఘనత దానికి కలదు. అయినను రంగస్థలమునకు కూడలి కావలెను, వాదము కావలెను, ప్రతిజ్ఞ కావలెను. పొయ్యి యెదుట గంటసేపు మౌనముగా కూర్చున్న స్త్రీని రంగముపై నిలుపుట కష్టము. అదియు గాక రచయితలిద్దరును కృష్ణా తీరపువారు. మెట్టసీమ యింటి లోపలి అమరిక వారికి విన్న విషయమే గాని చూచిన విషయము కాదు. ఈ మాట దోషముగా గాక భేదముగా చెప్పుచున్నాము.

నవలలో స్థితి విచిత్రము. నకిరేకల్లు సమీపపు చెరువు మాదారమున జన్మించిన వట్టికోట ఆళ్వారుస్వామి “ప్రజల మనిషి”ని 1955లో ప్రకటించెను. “గంగు” అసంపూర్ణమై 1965లో, ఆయన మరణానంతరము వెలువడినది. రెండును సాయుధ దశకు ముందే ఆగిపోయినవి. నల్లగొండ ఇంటిని లోపలినుండి యెరిగిన రచయిత ఆ యిల్లు తగులబడు ఘట్టమునకు చేరకముందే 1961లో కన్నుమూసెను. తెలంగాణ నవలకు ఇంతకు మించిన నష్టము లేదని మా అభిప్రాయము. దాశరథి రంగాచార్య 1969లో “చిల్లర దేవుళ్లు”ను, తరువాత “మోదుగుపూలు”, “జనపదం” నవలలను వ్రాసి ఆ కథను ముందుకు నడిపెను. ఆయన చిత్రణలో ఇల్లు లేకపోలేదు. ఉన్నది, అయితే ఆ యిల్లు గడీ. దొర భోజనము, దొరసాని ఏకాంతము, దాసిగా వచ్చిన ఆడబాప దీనస్థితి, గడీ లోపలి తలుపులు, దాపరికములు, ఇవన్నియు ఆయన యెరిగినంతగా వేరొకరు వ్రాయలేదు. కాని గడీకి ఎదురుగా నిలిచిన గుడిసె లోపల ఏమున్నదో ఆ పుటలలో మసకగా కనిపించును. తెలంగాణ నవలలో మిక్కిలి వివరముగా కట్టబడిన ఇల్లు పోరాటము ఎవరిపై జరిగెనో వారి యిల్లే యగుట ఆలోచింపదగినది. చారిత్రక నవలకు శత్రువు యొక్క సౌధము చిత్రయోగ్యమగుట లోకసహజమే. అది పాఠకునికి తెలియనిచో గుడిసెయందు వర్ణింపదగినది లేదను భ్రమ కలుగును.

ఉన్నది. ఉదాహరణముగా పాతరను తీసికొందము. మెట్టసీమ రైతు జొన్నలను నిలువచేయుటకు ఇంటిలోనో, వాకిటనో గొయ్యి త్రవ్వి, గడ్డి పరచి, ధాన్యము పోసి, పైన మన్ను కప్పి అలికివేయును. గుమ్మి కంటికి కనబడును, పాతర కనబడదు. లెవీ గల్లా అధికారులు ఇల్లిల్లు సోదాచేయు కాలమున ఈ భేదము ప్రాణప్రదమైనది. అంతవరకు పురుగునుండి, తేమనుండి ధాన్యమును కాచిన పాతర ఆనాటినుండి సర్కారు కంటినుండి దానిని కాచినది. దానిపై మంచము వేసిరో, రోలు నిలిపిరో, పసులను కట్టిరో, ఆ విషయము ఆ యింటి స్త్రీకి, బహుశః ఆమె అత్తకు మాత్రమే తెలియును. బిడ్డలకు చెప్పరాదు; బిడ్డలు చెప్పివేయుదురు. ఇంటిలోని రహస్యమును బిడ్డలనుండియు దాచవలసిన స్థితిలో తల్లీబిడ్డల నడుమ మాటలు ఎట్లు మారును? నవలాకారునకు ఇది యొక అధ్యాయము. ఎవరును వ్రాయలేదు.

లండను గృహస్థు క్షిపణి దాడులలో పెరటి గొయ్యిలో దాగి ప్రాణము కాపాడుకొనెను. నల్లగొండ గృహస్థుకును గొయ్యి యున్నది గాని అందు మనిషి దాగరాదు. మూసిన పాతరలో విషవాయువు నిండియుండును. తెరచి, గాలి ఆడనిచ్చి, దీపము దించి చూచి గాని లోపలికి దిగరు. కావున ధాన్యము భూమిలో దాగినది. మనుష్యులు బయట దాగిరి. దాడి వచ్చునను వార్త వచ్చిన రాత్రి కుటుంబము జొన్నచేలకో, ఊరి వెలుపలి గుట్టలకో పోయి పడుకొనెడివారు. ఇల్లు రక్షించునను నమ్మకము తలక్రిందులైనది. పైరు నిలిచియున్న మాసములలో చేను ఇల్లగును. కోత ముగిసిన తరువాత ఆ దిక్కును లేదు. ఋతువర్ణన మన కావ్యములకు నియమము. దాడుల కాలపు కావ్యమున శరదృతువు పంట యెత్తుగా నుండి దాగుటకు వీలైన ఋతువని వర్ణించిన కవి యుండిన, అష్టాదశ వర్ణనలకు కొత్త యర్థము వచ్చియుండెడిది.

వడిసెల మాట ఇప్పుడు చెప్పవలెను. త్రాటి నడుమ రాయి నుంచి గిరగిర త్రిప్పి విసరు ఈ సాధనము జొన్నచేనిలో మంచెయెక్కి పిట్టలను తోలుటకు వాడునది. పిల్లలు, స్త్రీలు, ముదుసళ్లు అందరు వాడుదురు. రజాకారుల తుపాకులకెదురుగా గ్రామరక్షక దళములు గుతుపలతో పాటు దీనిని పట్టిరి. బురుజులపై రాళ్లు కుప్పలుగా పోసిరి. స్త్రీలు రోకళ్లు, కారపుపొడి అందుకొనిరి. పోరాట వాఙ్మయమంతటను వడిసెల, కారము, రోకలి మరల మరల వచ్చును. వచ్చినప్పుడెల్ల వీరరసమునకు ఉద్దీపనములుగా వచ్చును. విమర్శకులును అట్లే వ్యాఖ్యానించిరి. తరగతిలో విద్యార్థులును అట్లే వ్రాయుదురు. మేమడుగునది వేరు. దోసెడు కారపుపొడి శత్రువు కండ్లలో చల్లిన స్త్రీ మరునాడు కూరలో ఏమి వేసినది? మిరపకాయలు ఎండబోసి, దంచి, జాడీకెత్తి సంవత్సరమునకు సరిపోవునట్లు పొదుపు చేసికొను ఇల్లాలికి ఆ దోసెడు చిన్న వ్యయము కాదు. రోకలి ఆయుధమైన యింట దంపుడు ఆగినది. వడిసెల బురుజెక్కిన యూర చేనిపై పిట్టలు వ్రాలినవి. ఇంటి వస్తువు యుద్ధవస్తువైనపుడు ఇంట నేర్పడిన లోటు వీరరసమునకు విరోధి కాదు, దాని వెల. వెల చెప్పని వీరము తేలికయైపోవును.

ఈ వెల చెప్పిన గ్రంథము ఒకటి కలదు. స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రకటించిన “మనకు తెలియని మన చరిత్ర” పోరాటమున పాల్గొన్న స్త్రీలను అడిగి వారి మాటలను వ్రాసికొనిన సంపుటము. చరిత్రశాఖవారు దానిని విరివిగా ఉపయోగించిరి. తెలుగు శాఖలు దానిని సాహిత్యముగా స్వీకరించుటకు సందేహించినవి. మా దృష్టిలో దక్షిణ తెలంగాణ యుద్ధకాలపు గద్యమున అది అగ్రగణ్యము. ఏలయన అందు కథ చెప్పువారు సంఘటనను వంటపనినుండి వేరుచేసి చెప్పరు. దళము వచ్చిన రాత్రి ఎందరికి వండవలెనో, గంపలో అన్నము ఎట్లు మోసికొనిపోవలెనో, మారుపేరుతో పరుల యింట ఎట్లు మెలగవలెనో, నెలలు నిండిన స్త్రీ ఏ యింట పురుడు పోసికొనవలెనో, ఈ చిక్కులే కథాగమనమును నడుపును. బిడ్డను పరుల చేతులలో పెట్టి వచ్చిన తల్లి మాటలు అందున్నవి. ఆమె ఆ విషయమును శోకరసముగా చెప్పదు. బిడ్డ ఏడ్చిన అందరును పట్టుబడుదురను లెక్కగా చెప్పును. చెప్పి, మరల వేరొక ప్రసంగములో ఆ విషయమునకే తిరిగి వచ్చును. ఆ తిరిగి వచ్చుటయే అచ్చట శిల్పము. ఐలమ్మ తన పంటను, ధ్వంసమైన తన ఇంటిని గూర్చి చెప్పిన తీరులోను ఇట్టిదే కనిపించును. నినాదమునకు ముందు ఆమె చెప్పునది ధాన్యము ఎవరు కోసిరి, ఎవరు మోసిరి, ఎక్కడకు చేర్చిరి యన్నది.

నవలలకును ఈ కథనములకును ముగింపున గల భేదము మిక్కిలి ముఖ్యము. నవల పోరాట ఘట్టముతో, లేదా వీరమరణముతో, లేదా ఆశతో ముగియును. ఈ స్త్రీల కథనములు 1951తో ముగియవు. విరమణము జరిగినది, పురుషులు రాజకీయములకు, శాసనసభలకు వెళ్లిరి, స్త్రీలలో పలువురకు ఇండ్లకు పొండను మాట వినవచ్చినది. ఏ యింటికి పోవలెను? కొందరి యిల్లు కాలినది, కొందరిని పుట్టింటివారు రానీయలేదు, కొందరికి అత్తింట పాత పొయ్యియే యెదురైనది. తుపాకి పట్టిన చేతితో మరల చేట పట్టుట వారికి అవమానమో, విశ్రాంతియో వారే తేల్చుకొనలేకపోయిరి. యుద్ధకాలమున ఇల్లెట్లుండెనను ప్రశ్నకు జవాబు యుద్ధానంతరపు ఇంటిలో లభించును. సూర్యాపేట ప్రాంతమున కరివిరాల కొత్తగూడెపు భూస్వామి కుటుంబమున పుట్టి దళనాయకురాలైన మల్లు స్వరాజ్యం తన కథను “నా మాటే తుపాకీ తూటా” యను పేర 2019లో ప్రకటింపజేసెను. గ్రంథనామము వీరరసమునే చాటును. కాని అందును బాల్యమునాటి ఇల్లు, తల్లి, కూలీల ఆకలి మొదట వచ్చి కథకు నేలయగును. ఆమె 2022 మార్చిలో మరణించిరి. ఇట్టి కథలు తమ నోట చెప్పగలవారు ఇప్పుడు బహు స్వల్పము.

ఇట్టి కథనములకు సాక్ష్యముగా విలువ ఎంతయని పరిశోధకులు సందేహింపవచ్చును. దాదాపు నాలుగు దశాబ్దముల పిమ్మట చెప్పిన మాటలవి, జ్ఞాపకము పొరపడును, అడిగినవారి ప్రశ్నలు జవాబును తీర్చిదిద్దును, వ్రాసి కూర్చినవారి చేయి కొంత యుండును. ఇవి యన్నియు నిజమే. తేదీలకు, సంఖ్యలకు మేము ఆ కథనములపై ఆధారపడము. అయితే మనిషి తేదీని మరచును గాని తాను పదిమందికి చాటుగా వండిన రాత్రి పొగ బయటికి పోకుండ ఏమి చేసినదో మరువదు. చేతిపనికి గల జ్ఞాపకము వేరు. కావ్యములనుండి సాంఘికచరిత్ర తీయునపుడు ప్రతాపరెడ్డి అతిశయోక్తిని, కవిసమయమును వడగట్టవలసి వచ్చెను. ఇక్కడ వడగట్టవలసినది రాజకీయపు భాష, మిగులునది ఇంటిభాష.

వేరొక ఆక్షేపము దీనికన్న బలీయమైనది. మేము ఇంతవరకు చెప్పిన ఇండ్లన్నియు ఒక పక్షపు ఇండ్లు. 1948 సెప్టెంబరు తరువాత భయము వేరొక యింటి తలుపు తట్టినది. రజాకారులతో సంబంధమే లేని ముస్లిము కుటుంబములు కూడ దాడులకు గురియైనవి. భారతప్రభుత్వము పంపిన సుందర్‌లాల్ సంఘము తన నివేదికలో ఈ హింసను వర్ణించెను. ఆ హింస ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలలో మిక్కుటము. తెలంగాణ జిల్లాలలో అంత లేదు. లేనంతమాత్రమున భయము లేదనరాదు. నల్లగొండ పల్లెలో దూదేకులవాని యిల్లు, పటేలు క్రింద పనిచేసిన జవాను ఇల్లు ఆ రాత్రులను ఎట్లు గడపినవో తెలుగు సాహిత్యము చెప్పదు. నెల్లూరి కేశవస్వామి “యుగాంతం” కథ హైదరాబాదు నగరమునకు సంబంధించినంతవరకు ఈ లోటును తీర్చినది. ఆ కథలో రెండు మతముల ఇండ్లును ఒకే రచయిత దృష్టిలో నిలిచినవి. పల్లెకు అట్టి కథ రాలేదు. పోరాటమున కలిసి నడచిన ముస్లిము రైతులను గూర్చి గర్వముగా చెప్పు మన వాఙ్మయము వారి యింటి ఆడవారి మాట వినలేదు.

పాలమూరును గూర్చి చెప్పి విరమింతుము. పోరాట సాహిత్యమున నల్లగొండకు గల స్థానము పాలమూరునకు లేదు. పోరాటము అచ్చట అంత విస్తృతముగా సాగకపోవుట యొక కారణము. కరువు, వలస అను వేరు యుద్ధములు ఆ జిల్లా రచయితల దృష్టిని ఆకర్షించుట మరియొకటి. కాని గృహజీవన చిత్రణములో పాలమూరునకు ఒక సంపద కలదు. బిజినేపల్లిలో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున తెలుగు బోధించిన పాకాల యశోదారెడ్డి 1973లో “మా ఊరి ముచ్చట్లు”, తరువాత “ఎచ్చమ్మ కథలు” వెలువరించిరి. ఆ పుటలలో పాలమూరి స్త్రీ తన వాకిట కూర్చుండి తన యాసలో మాటలాడును. ఆ మాటలలో వంట, పండుగ, కోడలి గోస, ఇరుగుపొరుగు తగవు, సామెత, శాపనార్థము అన్నియు జీవముతో నున్నవి. గుడిసె లోపల ఏమున్నదని మేము రంగాచార్య నవలలయందు వెదకి పొందలేనిది ఇచ్చట పుష్కలము. ఇచ్చట లేనిది దాడి. స్త్రీశక్తి సంఘటన సంపుటమున దాడి యున్నది, ఇల్లును ఉన్నది. కాని యాస కొంతవరకు అచ్చుభాషగా సంస్కరింపబడినది. ఇంటి మాటను ఇంత చక్కగా పట్టగల చెవి, ఆ సంపుటపు కథలను చెప్పిన నోళ్లు ఒకే కాలమున, కొన్ని పదుల క్రోసుల దూరమున ఉండియు కలియలేదు.

కలిసియుండిన మనకు ఏమి లభించియుండునో ఊహించుటకు ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. దాడి వార్త వచ్చినపుడు ఇల్లాలు ఇల్లు విడుచుటకు ముందు చేయు పనుల పేర్లు మాండలికమున ఏమి? నిప్పు ఆర్పుటకు, నిప్పును బూడిదలో కప్పి నిలుపుటకు వేర్వేరు మాటలున్నవి. పసులను కట్టివేసి పోవుటకు, పలుపు విప్పి వదలిపోవుటకు వేర్వేరు మాటలున్నవి. నిప్పును కప్పి వెళ్లిన స్త్రీ తెల్లవారి తిరిగి వత్తునని నమ్మినది. ఆర్పి, పలుపు విప్పి వెళ్లిన స్త్రీ నమ్మలేదు. బైరాన్‌పల్లిలో బురుజుపై నగారా మ్రోగినపుడు ఏ యింట ఏది జరిగెనో మన మాండలిక వృత్తిపదకోశములలో లేదు. ఉండవలసిన పదములు మాత్రము ఆ యూళ్లలో ముదుసళ్ల నోట ఇంకను వినవచ్చుచున్నవి.